మీ తాతయ్య తిథికి వస్తున్నావా?

చిరంజీవి శ్రీనుకు అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నీ క్షేమం నువ్వు చెబితేనే మాకు తెలియాలి.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను చేస్తే "బాగున్నానమ్మా, మళ్ళీ చేస్తాను" అని పెట్టేస్తున్నావు. ఆ మళ్ళీ మాత్రం రావడం లేదు. కాగితం మీద రాస్తే మధ్యలో పెట్టేసే వీలుండదు కదా అని కూర్చున్నాను. ఎలాగూ పార్సెల్ పంపుతున్నాను, దాంట్లోనే తేగల కట్ట పక్కన దీన్ని పెడతాను. తడి తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుడతాను. విప్పేటప్పుడు కత్తితో పరపరా కోసెయ్యకు, ఉసిరికాయ పచ్చడి సీసా పైనే ఉంటుంది.

ముందు అసలు విషయం. ఈ మార్గశిర బహుళంలో మీ తాతయ్య తిథి. పెద్దమావయ్య పంతులుగారికి చెప్పేశాడు. అక్క, బావగారు వస్తామన్నారు. సెలవు దొరకదని నువ్వు ప్రతి ఏడూ చెప్పే మాట ఈ ఏడు కూడా చెబుతావేమో అని అడుగుతున్నాను, అంతే. దొరికితే ఒక రోజు ముందే రా. దొరక్కపోతే ఆ మాటే చెప్పు. ఏ మాటా చెప్పకుండా మాత్రం ఉండకు.

మీ నాన్నగారు బాగానే ఉన్నారు. బీపీ మాత్ర వేసుకున్నానంటారు, డబ్బాలో చూస్తే మాత్రలు తగ్గడం లేదు. బూడిద గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను నీకు పంపుదామంటే హైదరాబాదు చేరేసరికి విరిగిపోతుందని అక్క వద్దంది. బుల్లెమ్మత్త మన గోడ పక్కన మళ్ళీ అరటిపిలకలు పెట్టింది. ఈసారి నేనేమీ అనలేదు. దాళ్వా పంటకు (రెండో పంటకు) కాలువ నీళ్ళు పూర్తిగా ఇస్తారా, వంతులవారీగా ఇస్తారా అని రచ్చబండ దగ్గర రోజూ వాదించుకుంటున్నారు. మీ తాతయ్య ఉంటే వీళ్ళందరినీ నోరు మూయించేవారు. ఫలానా ఏడాది ఫలానా రోజున కాలువలో ఎన్ని అడుగుల నీరుందో ఆయనకు మన పుట్టినరోజులకన్నా బాగా గుర్తుండేది.

మొన్న రాజ్యం పిన్ని వచ్చి వెళ్ళింది. వాళ్ళ వంశీ కూడా హైదరాబాదులోనే ఉన్నాడుగా. బుధవారం పట్టపగలు నిన్ను కూకట్‌పల్లిలో టీ దుకాణం దగ్గర చూశాడట. గడ్డం పెంచావట. పిలిస్తే పలకలేదట, ఫోను చూసుకుంటూ కూర్చున్నావట. వాడికి చిన్నప్పటి నుంచీ చూపు ఆనదు, ఇంకెవరినో చూసి ఉంటాడని నేనే అన్నాను. బుధవారం సెలవేమో అని కూడా అన్నాను. పిన్ని నా మొహం వంక అదోలా చూసింది. సరే, అది వదిలెయ్. గడ్డం విషయం మాత్రం నిజమైతే తీయించెయ్, నీకు నప్పదు.

తిథి వస్తోందంటే మీ తాతయ్యే మనసులో తిరుగుతున్నారు. ఆయన పోయేనాటికి నువ్వు అయిదో తరగతి. నీకు గుర్తున్నదల్లా తెల్ల మీసాలు, చుట్ట వాసన, సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కాలువగట్టు వెంట తిప్పడం. కాలువ లాకుల తలుపులు, షట్టర్లు తిప్పే ఆయన లస్కరు ఉద్యోగం నువ్వు చూడనే లేదు. నువ్వు పుట్టేసరికి ఆయన రిటైరై చాలాకాలమైంది, లాకుల్లో పడవలు తిరగడం కూడా ఆగిపోయింది. లొల్ల లాకుల దగ్గర నీ స్నేహితులెవరో దిగిన ఫొటో కింద "మా తాతయ్య ఇలాంటి చోటే పనిచేసేవారు" అని నువ్వు రాశావని అక్క చూపించింది. సంతోషించాను. కానీ ఆ ఫొటోలు దిగే పిల్లలకు, సినిమాల వాళ్ళకు అదొక అందమైన చోటు. మాకు అది ఇల్లు.

మా క్వార్టరు రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలోంచి చూస్తే లాకు తలుపులు కనిపించేవి. మీ తాతయ్య పిడుగు పడినా లేవని మనిషి. అలాంటిది షట్టరు కింద నీటి చప్పుడు కాస్త సన్నగిల్లితే చాలు, చటుక్కున లేచి కూర్చునేవారు. ఏ చెట్టుకొమ్మో, గుర్రపుడెక్కో అడ్డుపడిందని అర్థం. లాంతరు ఒక చేత్తో, వెదురుగెడ ఇంకో చేత్తో పట్టుకుని చీకట్లోకి వెళ్ళిపోయేవారు. గంట తరవాత తడిసిన పంచెతో వచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ పడుకునేవారు. పొద్దున్నే అమ్మమ్మ ఆ పంచె పిండుతూ గొణుగుతుంటే మాకు రాత్రి సంగతి తెలిసేది.

నా చిన్నప్పుడు ఇంకా పడవలు తిరిగేవి. ధాన్యం, కొబ్బరికాయలు, పెంకులు, ఇటుకలు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజానికి తాడు వేసుకుని లాగేవారు. ఎగువ నీరు ఎత్తులో, దిగువ నీరు పల్లంలో ఉంటుంది కదా, పడవను మెట్టు దింపినట్టు దింపాలి. రెండు జతల తలుపులు, మధ్యలో రాతి తొట్టి. ముందు తొట్టిని ఎగువ నీటితో నింపి, పై తలుపులు తీసి, పడవను లోపలికి రానిచ్చి, తలుపులు మూసి, కింది జత దగ్గర సన్న తూములు ఎత్తి నీటిని మెల్లగా వదలాలి. నేనూ పెద్దమావయ్యా పడవలో కూర్చునేవాళ్ళం. చుట్టూ పాచిపట్టిన రాతిగోడలు పైకి లేస్తున్నట్టు ఉండేది, నిజానికి మేమే కిందికి దిగుతున్నామన్నమాట. పడవ సరంగులకు తొందర. తలుపులు తీయమని కేకలు వేసేవారు. మీ తాతయ్య తాపీగా చుట్ట నములుతూ, "రెండు వైపులా నీళ్ళు సమం కాకుండా ఏనుగు వచ్చి నెట్టినా ఆ తలుపు కదలదయ్యా, కూర్చో" అనేవారు. అది నిజం కూడా. ఆ తలుపులు ఎగువ నీటి ఒత్తిడికి ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుంటాయి.

పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు నీటిమట్టం చూపే గేజీ చూసి పుస్తకంలో రాయాలి. ఆయన చదివింది నాలుగో తరగతి. అంకెలు మాత్రం అచ్చు గుద్దినట్టు ఉండేవి. ఆఫీసు పుస్తకంలో రాసిన అంకెనే ఇంటికి వచ్చి తన సొంత పుస్తకంలో కూడా ఎక్కించుకునేవారు. "పాల లెక్క ఒక్కసారి రాయమంటే బద్ధకం, నీళ్ళ లెక్క రెండుసార్లు రాస్తారు" అని అమ్మమ్మ వెక్కిరించేది. ఆ పుస్తకాలు ఇప్పటికీ అటక మీద ఇనప్పెట్టెలో ఉన్నాయి. చెదలు పట్టకుండా ఏటా వేపాకు వేస్తాను. నువ్వు కంప్యూటర్లో ఎక్కిస్తానన్నావు, గుర్తుందా? తీరిక ఉన్నప్పుడు ఎక్కించవచ్చు. తీరిక ఉంటే.

ఆయనకు దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పక్కనే కాటన్ దొర పటం ఉండేది. మన వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే, పురోహితులు గోదావరి స్నానం చేయించేటప్పుడు సంకల్పంలో ఆయనను తలుచుకుంటారు కూడా. 1847లో మొదలుపెట్టి 1852కల్లా గోదావరి మీద ఆనకట్ట నిలబెట్టారని, దొరతోపాటు కూలీలను సమకూర్చి పని నడిపించిన వీణం వీరన్నగారిని మరిచిపోకూడదని మీ తాతయ్య ప్రతి మే 15న మాకు పాఠం చెప్పేవారు. అది దొర పుట్టినరోజు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ఆనకట్ట నాలుగు భాగాల పేర్లూ నాకు అక్షరాలు రాకముందే వల్లె వేయించారు. 1982లో పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పూర్తయ్యాక క్యారియరులో పులిహోర కట్టించుకుని వెళ్ళి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిచి గేట్లన్నీ లెక్కపెట్టి వచ్చారు. పేపర్లో 175 అని రాశారట, సరిపోయిందట. సరిపోకపోతే ఎవరిని నిలదీసేవారో!

ఇదంతా చెప్పి ఆయన్ని దేవుణ్ణి చేస్తున్నాననుకోకు. ఆయనతో బతకడం సులువు కాదు. పెద్దమావయ్య పుట్టిన రాత్రి గట్టుకు గండి పడిందని వెళ్ళిపోయారు, కొడుకు మొహం మూడో రోజున చూశారు. అమ్మమ్మ ఆ మాట చివరిదాకా అంటూనే ఉంది. నా పెళ్ళిలో కాళ్ళు కడిగే వేళకు ఆయన కోసం వెతికితే, పెళ్ళిపందిరి వెనక పంట బోదెలో చెత్త తీస్తున్నారు. నీళ్ళు ఆగిపోయి ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయారట! మీ నాన్నగారి తరఫువాళ్ళు దాన్ని ఎన్నేళ్ళు చెప్పుకుని నవ్వారో నీకూ తెలుసు. కష్టపడే మనిషి అని ఊరంతా పొగడడం వేరు, ఆ కష్టం పక్కన అన్నం చల్లారిపోతుంటే కూర్చోవడం వేరు. నీ విషయంలో కూడా నాకు అదే బెంగ. రాత్రి రెండింటిదాకా పని, పొద్దున్నే మీటింగు అని రెండేళ్ళు నీ ఒళ్ళు పాడు చేసుకున్నావు. ఇప్పుడు కాస్త నిద్ర పోతున్నావా? పోతున్నావనే అనుకుంటున్నాను.

1986 ఆగస్టు వరద సంగతి నీకు పెద్దమావయ్య వంద సార్లు చెప్పి ఉంటాడు, నేను పొడిగించను. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు అది దాటి ఎక్కడికో పోయింది, 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చిందన్నారు. 1953 వరద చూసిన ముసలివాళ్ళు కూడా నోరు తెరిచారు. మీ తాతయ్య ఆ రాత్రుళ్ళు ఏటిగట్టు మీదే ఉన్నారు. చెప్పులు లేకుండా నడిచేవారట, గట్టు ఊరి వైపు మట్టి చల్లగా జారుతున్నట్టు పాదానికి తగిలితే అక్కడ బుంగ పడుతోందని గుర్తు. అలా ఒకటి పట్టుకుని, ఊరివాళ్ళను లేపి, ఇసుక బస్తాలు, కొబ్బరి మట్టలు వేయించి నిలబెట్టారు. మరునాడు ఎవరో వచ్చి దండ వేయబోతే, "ముందు బస్తాలు కుట్టిన ఆడవాళ్ళకు కాస్త టీ ఇప్పించండి" అన్నారట. దండ మాత్రం వేయించుకున్నారులే. ఫొటో ఉందిగా.

నీకెవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. పెద్దమావయ్య చెప్పడు, వాడికి అది అవమానంగా ఉంటుంది. నాకేమీ అవమానం లేదు. ఎందుకో తెలియదు, ఈమధ్య వంట చేస్తున్నా, పూలు కోస్తున్నా అదే గుర్తుకొస్తోంది.

నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడు వర్షాలు సరిగా లేవు, దాళ్వాకు నీళ్ళు చాలలేదు. వంతులు పెట్టారు. ఎగువ ఊళ్ళకు కొన్నాళ్ళు, కాలువ చివరి శివారు ఊళ్ళకు కొన్నాళ్ళు. శివారు రైతుల సంగతి నీకు తెలిసిందే, సముద్రం పక్కన ఉంటారు గానీ తాగడానికి నీళ్ళుండవు. పైరు పొట్ట మీద ఉంది. ఆ వారం నీళ్ళు వాళ్ళ వంతు. అప్పుడు మన ఎగువన ఉన్న ఒక పెద్ద రైతు, పేరు అనవసరం, రాత్రిపూట మనిషిని పంపాడు. షట్టరు ఒక్క జానెడు ఎత్తితే చాలు, తెల్లవారేసరికి దించెయ్యవచ్చు, ఎవరికీ తెలియదు అని. రెండు బస్తాల ధాన్యం మర్నాడు ఇంటికి వస్తుందని కూడా చెప్పించాడు. మా ఇంట్లో అప్పుడు నూకలతో అన్నం వండుతున్నాం. మీ తాతయ్య ఆ వచ్చినవాడికి మజ్జిగ ఇప్పించి, "జానెడు ఎత్తితే గేజీలో పడుతుందయ్యా, నేను రాయకుండా ఉండలేను" అని పంపించేశారు. అరవలేదు, తిట్టలేదు. గోడకు ఆనుకుని నేను అంతా విన్నాను.

పది రోజులు తిరగకుండా పైనుంచి కాగితం వచ్చింది. శివారు వాళ్ళ దగ్గర డబ్బు తిని వంతు కాని రోజున నీళ్ళు వదిలాడని ఎవరో అర్జీ పెట్టారట. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని. క్వార్టరు ఖాళీ చేయమనలేదు, అదొక్కటే దయ. ఆ కాగితం వచ్చిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు.

మరునాడు పొద్దున ఎప్పటిలాగే ఖాకీ చొక్కా వేసుకున్నారు. గేజీ దగ్గరికి వెళ్ళలేదు, ఎగువ గట్టు తనిఖీకి పంపారని చెప్పారు. అమ్మమ్మ క్యారియరు కట్టింది. సాయంత్రం దీపాల వేళకు వచ్చారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. లాకు దగ్గరికి ఇంకెవరో కొత్త మనిషి వచ్చి తలుపులు తిప్పుతున్నాడు. అడిగితే, "నాకు పెద్ద పని అప్పగించారు, వాడు నాకు సాయం" అన్నారు. మేం పిల్లలం నమ్మేశాం. నాన్నకు ప్రమోషన్ వచ్చిందని పెద్దమావయ్య బడిలో చెప్పుకున్నాడు కూడా. వాడికి ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

ఆయన వెళ్ళేది ఎక్కడికో తరవాత తెలిసింది. కాలువ దాటి రెండు ఊళ్ళ అవతల ఒక కొబ్బరితోటలో రోజుకూలికి కాయలు వలిచేవారు. గునపం నేలలో పాతి, కాయను దాని మొన మీద గుచ్చి మెలితిప్పి పీచు తీయాలి. అలవాటు లేని చేతులకు తొలిరోజే బొబ్బలెక్కుతాయి. ఆ బొబ్బలు మాకు కనిపించకుండా చీకట్లో అన్నం తినేవారు. లాంతరు వత్తి తగ్గించి, కిరసనాయిలు పొదుపు చేయాలి అనేవారు. ఒకటో తారీఖున జీతం అని తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టారు. ఎప్పుడూ తెచ్చేదానికన్నా రెండు రూపాయలు ఎక్కువే. ఎవరి దగ్గర అప్పు చేశారో!

మీ అమ్మమ్మ ఒక్క మాట అడగలేదు. అడగలేదంటే తెలియదని కాదు. మొదటి రోజు సాయంత్రమే ఆవిడకు తెలుసు. క్యారియరులో అన్నం ఒక గరిటె పెంచింది, అడుగున నెయ్యి వేసి పైన కనపడకుండా కూర సర్దేది. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసేది, ఎండలో పని చేసేవాడికి కావాలి అని. గట్టు తనిఖీకి ఎండేముంది అని నేను అడిగితే నెత్తి మీద మొట్టింది. తన పలకసర్లు పెట్టెలోంచి ఎప్పుడు మాయమయ్యాయో మాకు తెలియదు. మేం చూసుకునేసరికి మెడలో పసుపుతాడు మాత్రమే ఉంది. ఈయన ఆవిడ దగ్గర దాస్తున్నారు, ఆవిడ ఈయన దగ్గర దాస్తోంది. ఇద్దరూ ఒకే కంచం దగ్గర కూర్చుని వాన పడుతుందా లేదా అని మాట్లాడుకునేవారు.

నెల దాటింది. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మమ్మ అంది, "రేపటి నుంచి ఆ ఖాకీ చొక్కా వద్దండీ. పాత నీలం చొక్కా వేసుకుని వెళ్ళండి. కొబ్బరిపీచు ఎంత ఉతికినా ఖాకీకి వదలడం లేదు, చెయ్యి నొప్పెడుతోంది."

నేను తల ఎత్తి చూశాను. ఆయన ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. అమ్మమ్మ ఆయన వంక చూడకుండా లాంతరు వత్తి పెంచింది. కొంతసేపటికి ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంకాస్త మజ్జిగ పొయ్యి" అన్నారు. అంతే. ఏడుపులూ లేవు, వివరాలూ లేవు. ఆ రాత్రి ఆవిడ ఆయన చేతులకు వెన్న రాయడం చూశాను. మరునాడు నీలం చొక్కాతో వెళ్ళారు. సాయంత్రం రోజుకన్నా గంట ముందే ఇంటికి వచ్చేశారు. తోట నుంచి నేరుగా ఇంటికి వస్తే అంతే పడుతుందిగా, అంతకుముందు చీకటి పడేదాకా ఎక్కడో గట్టు మీద కూర్చుని వచ్చేవారన్నమాట.

తరవాత శివారు రైతులు బళ్ళు కట్టుకుని వెళ్ళి పైఅధికారితో మాట్లాడారు. విచారణకు మీ తాతయ్య తన సొంత పుస్తకం పట్టుకుని వెళ్ళారు. ఆఫీసు పుస్తకంతో పోల్చి చూశారట, ఒక్క అంకె తేడా లేదు. ఉద్యోగం తిరిగి ఇచ్చారు. పాత జీతం వచ్చేసరికి ఇంకో ఏడాది పట్టింది. పలకసర్లు మాత్రం తిరిగి రాలేదు. ఆ పెద్ద రైతు తరవాత కూడా కాలువ మీద కనిపిస్తే మీ తాతయ్య నమస్కారం పెట్టేవారు. నాకు ఒళ్ళు మండేది. "ఆయన పొలానికీ వంతు రోజున నీళ్ళు వెళ్ళాలిగా" అనేవారు. నేనైతే నమస్కారం పెట్టను. ఇప్పటికీ ఆ ఇంటివాళ్ళు పెళ్ళికి పిలిస్తే వెళ్ళను, మీ నాన్నగారిని పంపుతాను.

సరే, ఎక్కడి నుంచో ఎక్కడికో వెళ్ళిపోయాను. మీ నాన్నగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు, ఉత్తరమా పురాణమా అని. "వాడు పెద్దవాడయ్యాడు, వాడిని వదిలెయ్" అంటారు. రోజూ పొద్దున్నే పేపర్లో కంపెనీలు మనుషులను తీసేస్తున్న వార్త వస్తే ఆ పేజీ మడిచి దిండు కింద పెట్టుకునేది కూడా ఆయనే.

ఒకటో తారీఖున నువ్వు పంపిన డబ్బు అందింది. ఎప్పుడూ పంపేదానికన్నా అయిదు వేలు ఎక్కువ ఉంది. ఎందుకురా అంటే "ఉంచమ్మా" అన్నావు. ఉంచాను. అది మాత్రమే కాదు, గత నెలది కూడా బ్యాంకులో అలాగే ఉంది. మాకు ఇక్కడ ఏం ఖర్చు? బియ్యం మనవే, పాలు మనవే, కొబ్బరికాయలు రాలినవే తినలేకపోతున్నాం. వచ్చే నెల నుంచి కొన్నాళ్ళు పంపకు. గుమ్మం రంగులకని అనుకున్నదీ సంక్రాంతికి వద్దులే, వచ్చే ఏడు చూద్దాం. నీ గది అద్దె ఎంత కడుతున్నావో రాయి. ఇద్దరు కలిసి ఉంటే తగ్గుతుందేమో కనుక్కో. నువ్వు అప్పులు చేసే రకం కాదని తెలుసు. తెలిసినా చెబుతున్నాను, ఫోనులో అప్పులిచ్చే వాళ్ళ జోలికి వెళ్ళకు. టీవీలో రోజూ చూస్తున్నాను. ఫోనులో ఉన్న ఫొటోలు, నంబర్లు అన్నీ లాగేసుకుని అందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తారట. కావలసి వస్తే అక్కడ ఇక్కడ కాదు, మీ నాన్నగారి పేరు మీద చిన్న ఎఫ్‌డీ ఉంది. పత్రం గోద్రెజ్ బీరువాలో, నా పెళ్ళి పట్టుచీర మడతలో ఉంది. ఊరికే చెబుతున్నాను, నాకు మతిమరుపు వస్తోంది, ఎవరికైనా తెలిసి ఉండాలి కదా.

పొద్దున్నే లేస్తున్నావా? స్నానం మానకు. పని ఉన్నా లేకపోయినా మనిషి ఎనిమిదింటికల్లా స్నానం చేసి శుభ్రమైన బట్టలు కట్టుకుంటే ఆ రోజు వేరుగా ఉంటుంది. టీలు తగ్గించు. ఖాళీ కడుపుతో అసలు తాగకు. బయట తిండికి పోసే డబ్బుతో కుక్కర్లో అన్నం, పప్పు పడేసుకోవచ్చు, కందిపొడి పంపుతున్నాను, నెయ్యి కూడా. ఒక్కడివే కూర్చోకు. ఎవరైనా పిలిస్తే పలుకు, ఆ వంశీలాంటి వాడైనా సరే. మనసులో పెట్టుకుని నలిగేవాడు తెలివైనవాడని నేనెప్పుడూ అనుకోలేదు. అదిగో, ఉపదేశాలు చెయ్యనని మీ నాన్నగారికి మాటిచ్చి కూర్చున్నాను, ఆపేస్తున్నాను.

పార్సెల్లో ఏమున్నాయంటే: తేగలు రెండు కట్టలు, ఉడికించినవే, వచ్చిన రోజే తినెయ్. సున్నుండలు స్టీలు డబ్బాలో, ఆ డబ్బా తిరిగి తీసుకురావాలి, అది మీ అమ్మమ్మది. ఉసిరికాయ పచ్చడి, కందిపొడి, నెయ్యి. ఆత్రేయపురం పూతరేకులు, ఇవి మీ పక్క గదుల పిల్లలకు కూడా పెట్టు. నీ పాత నీలం చెక్కుల చొక్కా ఇక్కడే వదిలేశావు, ఇస్త్రీ చేసి పెట్టాను. కాలరు అరిగింది గానీ ఇంట్లోకి బాగానే ఉంటుంది. పార్సెల్ రావులపాలెంలో రాత్రి బస్సు ఎక్కుతుంది, తెల్లవారేసరికి అక్కడ దింపేస్తారు. పగలు ఏ వేళకు వెళ్ళినా ఇస్తారట, కాబట్టి ఆఫీసు మానుకోవలసిన అవసరమేమీ లేదు.

తిథికి వచ్చేటప్పుడు నీ కంప్యూటర్ తీసుకురా. ఆ గేజీ పుస్తకాలు దించి ఎండలో పెడతాను, ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు కూర్చుని ఎక్కించుకో. తిరుగు టికెట్టు ఇప్పుడే తీయకు, ఈ రోజుల్లో బస్సులకేమీ కొరత లేదు. మేడ మీద గది ఊడ్పించి, ఫ్యాను బాగు చేయించాను. ఇంటర్నెట్టు కూడా పెట్టిస్తామని మీ నాన్నగారు కనుక్కుని వచ్చారు. నెలకు నాలుగు వందల పైచిలుకట. బేరమాడి వచ్చానని చెప్పారు, దాంట్లో బేరమేమిటో నాకైతే అర్థం కాలేదు.

ఇట్లు
మీ అమ్మ

తా.క.: రాజ్యం పిన్ని ఆదివారం మళ్ళీ వస్తుంది. వంశీ చూసింది నిన్నో కాదో, ఆవిడకు ఏం చెప్పమంటావో ఆలోపు ఫోను చేసి చెప్పు. నువ్వు ఏది చెప్పమంటే అదే చెబుతాను. నాకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.